ఆయ్

సఖినేటిపల్లి రేవులో ఏడుంపావు పంటు.
రెండు పాల వ్యాన్లు, పెళ్లి సామాన్ల ఆటో ఒకటి,
కొబ్బరికాయల బస్తా మీద కునికే మనిషి,
సంచిలో సైకాలజీ పుస్తకంతో నేను.

టికెట్లు చింపే బుల్లెబ్బాయి గారు
మొదటి ఏడే అడిగేశారు:
"పిచ్చోళ్ల చదువంటగా అమ్మాయ్?"
"ఆయ్, అదేనండి."
పంటంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఇంటికెళ్లాక నవ్వలేదు.

నరసాపురం కాలేజీలో మా గ్రూపుకి ఏడుగురం.
ల్యాబంటే స్టాఫ్‌రూం వెనక ఒక బీరువా.
ఆగిపోయిన స్టాప్‌వాచీ ఒకటి,
అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పలక ఒకటి.
ఎటు గీద్దామనుకుంటే చెయ్యి అటు పోదు.
మనుషులకి సాయం చెయ్యడమూ ఇంతేనేమో అని
రికార్డులో రాశాను.
మేడం ఎర్రసిరాతో కొట్టేశారు:
"ఫలితాలు మాత్రమే."

గురువారాలు పెద్దాసుపత్రి, తొమ్మిదో గది.
కౌన్సెలర్ శశిరేఖ గారి పక్కన స్టూలు నాది.
పేరు, వయసు, ఊరు, బాధ.
బాధ గడి రెండంగుళాలు.

మొగల్తూరు వైపు నుంచి వచ్చాడొక కౌలుదారు.
"చెరువు ఎండగట్టి నాలుగు నెల్లండి.
ఏరేటర్లు అమ్మేశాను.
అయినా రాత్రి రెండింటికి తిరుగుతూనే ఉంటాయండి.
ఆగితే రొయ్య తేలిపోద్దని
లేచి గట్టు మీదకి పరిగెడతాను."

నేను రాశాను: నిద్రలేమి.

శశిరేఖ గారు నా చేతిలోంచి పెన్ను తీసుకుని
ఆ మాట కొట్టేసి,
గడి దాటి, మందుల గడిలోకి కూడా దాటి
రాశారు:
అమ్మేసిన ఏరేటర్లు తిరుగుతున్నాయి.

వినేవాళ్లు మధ్యమధ్య చిన్న శబ్దం చెయ్యాలట.
దానికో ఇంగ్లీషు పేరుంది, పరీక్షలో రెండు మార్కులు.
పాఠం వింటూ వింటూ నవ్వొచ్చింది నాకు.
మా అమ్మ లేసు అల్లుతూ
పక్కింటి మార్తమ్మ గారికి చేసేది అదేగా!
సూది ఆపదు, కళ్లెత్తదు,
ఒక ఆయ్.
నమ్మిన ఆయ్ వేరు, నమ్మని ఆయ్ వేరు,
తర్వాతేమైందండీ అన్న ఆయ్,
ఏడుపొస్తే ఏడవండి, ఈ పువ్వు అయ్యేదాకా లేవను అన్న ఆయ్.
డజను పువ్వులకి ఎంతిస్తారో నాకు తెలుసు.
ఆ ఆయ్‌కి ఎవరూ ఏమీ ఇవ్వరు.

నాకది ఇంకా రాలేదు.
నాది తొందర ఆయ్,
అవతలి మాట ఒడ్డెక్కకముందే తాడు విసిరేస్తుంది.
కిందటేడు మా బెంచీ హేమసుందరి
"తినబుద్ధి కావట్లేదే" అంటే
అప్పుడే నేర్చిన నాలుగు జబ్బుల పేర్లు చెప్పాను.
పొద్దున్న ఏం తిన్నావే అని అడగలేదు.
మర్నాటి నుంచి తను
కిటికీ పక్క బెంచీలో కూర్చుంటోంది.

పీజీ దరఖాస్తులో ప్రశ్న:
ఈ రంగమే ఎందుకు? రెండొందల మాటల్లో.
"చిన్నప్పటినుంచీ" దగ్గర
నాలుగు రోజులుగా ఆగిపోయింది.
చిన్నప్పుడు నాకు బస్సు కండక్టరవ్వాలని ఉండేది.

ఈ సాయంత్రం ఆఖరి పంటు.
జనం లేరు. గోదారి పోటు మీదుంది.
బుల్లెబ్బాయి గారు టికెట్టు చింపారు,
నాకివ్వలేదు.
కమ్మీకి ఆనుకుని నీళ్లకేసి చూస్తూ
"అమ్మాయ్, మావోడొకడున్నాడు" అన్నారు.
ఇంజను చప్పుడు.
"మావోడు కాదులే."

నోట్లో పదకొండు ప్రశ్నలు వరసకట్టాయి,
పుస్తకంలో ఉన్న వరసలోనే.
మింగేశాను.

"ఆయ్," అన్నాను.

ఎప్పటిలా కాదు. అమ్మలా కూడా కాదు.
గురువారం, పన్నెండులోపు, తొమ్మిదో గది,
చెప్పాలి, చెబుతాను.
ముందు ఆయన ఆ టికెట్టు ముక్కని
మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టడం
కానీ.